రేంజర్స్ మైనర్ లీగ్ జట్లను రోజూ గమనించడం ఎలా: రౌండ్ రాక్ నుంచి డొమినికన్ దాకా

డల్లాస్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ మైదానం తెలుసు. అది టెక్సస్ రేంజర్స్ బేస్‌బాల్ క్లబ్బుకు మైనర్ లీగ్ జట్టు, అంటే మేజర్ లీగ్‌కు కుర్రాళ్ళను తయారు చేసే కింది స్థాయి జట్టు. వేసవి సాయంత్రం పిల్లల్ని తీసుకుని వెళ్ళి, ఆట సగం చూసి, సగం కబుర్లు చెప్పుకుని వచ్చేస్తాం. కానీ అక్కడ ఆడే కుర్రాళ్ళలో కొందరు ఏడాది తిరక్కుండానే ఆర్లింగ్టన్‌లో టెక్సస్ రేంజర్స్ జెర్సీ వేసుకుంటారు. ఎవాన్ కార్టర్ 2023లో సీజన్‌లో ఎక్కువ భాగం ఫ్రిస్కోలోనే ఆడాడు. సెప్టెంబర్ 8న మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు, నవంబర్ 1న వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టులో ఉన్నాడు. అలాంటి ఆటగాణ్ణి వార్తల్లోకి ఎక్కకముందే గుర్తుపట్టాలంటే రోజూ చూడాలి, చూసింది రాసుకోవాలి. పద్ధతి కుదిరితే రోజుకు అరగంట, నలభై నిమిషాలు సరిపోతుంది.

ఇక్కడ చెప్పేదంతా రేంజర్స్‌ను ఉదాహరణగా తీసుకుని చెప్పినదే. మిగతా 29 క్లబ్బులకూ పద్ధతి ఇదే, జట్ల పేర్లే మారతాయి.

1. ముందు జట్ల పట్టిక రాసుకోండి

2021లో మైనర్ లీగ్‌లను పునర్వ్యవస్థీకరించాక ప్రతి క్లబ్బుకూ పూర్తి సీజన్ ఆడే జట్లు నాలుగు. రేంజర్స్‌కు పై నుంచి కిందికి ఇలా ఉన్నాయి:

- రౌండ్ రాక్ ఎక్స్‌ప్రెస్: ట్రిపుల్-ఏ, పసిఫిక్ కోస్ట్ లీగ్, 150 ఆటలు
- ఫ్రిస్కో రఫ్‌రైడర్స్: డబుల్-ఏ, టెక్సస్ లీగ్, 138 ఆటలు
- హబ్ సిటీ స్పార్టన్‌బర్గర్స్: హై-ఏ, సౌత్ అట్లాంటిక్ లీగ్, 132 ఆటలు
- హికరీ క్రాడాడ్స్: సింగిల్-ఏ, కరోలినా లీగ్, 132 ఆటలు

వీటి కింద అరిజోనాలోని సర్‌ప్రైజ్ అనే ఊళ్ళో కాంప్లెక్స్ లీగ్ జట్టు (క్లబ్బు శిక్షణ కేంద్రంలో కొత్తవాళ్ళు ఆడేది), దానికీ కింద డొమినికన్ సమ్మర్ లీగ్ ఉంటాయి. కాంప్లెక్స్ లీగ్ మే మొదట్లో మొదలై జూలై చివరికి అయిపోతుంది. డొమినికన్ లీగ్ జూన్ నుంచి ఆగస్టు దాకా.

పాత గణాంకాలు తిరగేసేటప్పుడు ఒక చోట జాగ్రత్త పడాలి. 2021 నుంచి 2024 వరకు హికరీ హై-ఏ జట్టు, సింగిల్-ఏ జట్టు నార్త్ కరోలినా కిన్‌స్టన్‌లోని డౌన్ ఈస్ట్ వుడ్ డక్స్. 2025లో స్పార్టన్‌బర్గ్ జట్టు వచ్చి హై-ఏ స్థానం తీసుకుంది, హికరీ ఒక మెట్టు దిగింది. అంటే 2023లో వయాట్ లాంగ్‌ఫర్డ్ హికరీలో కొట్టినవి హై-ఏ అంకెలు, 2025లో హికరీలో ఎవరైనా కొట్టినవి సింగిల్-ఏ అంకెలు. ఊరి పేరు చూసి స్థాయి అనుకుంటే పోలిక మొత్తం తప్పుతుంది. షీట్‌లో జట్టు పేరు పక్కనే స్థాయికి ఇంకో కాలమ్ పెట్టండి.

మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే ప్రత్యర్థితో ఆరు ఆటలు, సోమవారం సెలవు: పూర్తి సీజన్ జట్ల వారం దాదాపు ఎప్పుడూ ఇలాగే నడుస్తుంది. వారం లెక్కలన్నీ ఈ చట్రం మీదే కట్టుకోవాలి. సోమవారం గత వారాన్ని సర్దుకునే రోజు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని చూసేవాళ్ళకు వేసవిలో గడియారం ఇలా ఉంటుంది: ఫ్రిస్కోలో సాయంత్రం 7:05కి మొదలయ్యే ఆట మనకు మర్నాడు తెల్లవారుజామున 5:35కి. స్పార్టన్‌బర్గ్‌లో అదే వేళకు మొదలైతే మనకు 4:35. పొద్దున కాఫీ తాగేసరికి తూర్పు జట్ల ఆటలు చివరికి వస్తుంటాయి. తేదీ మాత్రం ఎప్పుడూ అమెరికా తేదీయే రాయండి, లేకపోతే బాక్స్ స్కోర్ (ఆట అంకెల పట్టిక) మళ్ళీ వెతుక్కోవాల్సి వచ్చినప్పుడు ఒకరోజు అటూ ఇటూ అయిపోతుంది.

2. పేర్ల షీట్: 30 దాటనివ్వకండి

ప్రతి జట్టులో దాదాపు 30 మంది. అన్ని జట్లూ కలిపితే 200కు అటూ ఇటూ. అందరినీ రోజూ చూడాలనుకుంటే రెండో వారానికే వదిలేస్తారు. 25 నుంచి 30 పేర్లు తీసుకోండి. సగం మంది అందరికీ తెలిసిన ప్రాస్పెక్ట్‌లు (మేజర్ లీగ్‌కు ఎదుగుతారని అనుకునే కుర్రాళ్ళు), మిగతా సగం మీ కంటికి ఆనినవాళ్ళు. నెలకోసారి ముగ్గురు నలుగుర్ని తీసి, కొత్తవాళ్ళను చేర్చండి.

ఒక్కో పేరుకు ఈ వివరాలు ఉండాలి: పుట్టిన తేదీ, ఏ చేత్తో బ్యాటింగ్, ఏ చేత్తో త్రో, ఆడే స్థానాలు, క్లబ్బులోకి వచ్చిన దారి (క్లబ్బులు వంతులవారీగా కొత్తవాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్, అంతర్జాతీయ ఒప్పందం, క్లబ్బుల మధ్య మార్పిడి అయిన ట్రేడ్), వచ్చిన ఏడాది, 40 మంది రోస్టర్‌లో (క్లబ్బు తనకోసం కాపాడుకునే జాబితాలో) ఉన్నాడా లేడా, లేకపోతే రూల్ 5 (ఆ జాబితాలో లేనివాళ్ళను వేరే క్లబ్బులు తీసుకునే డ్రాఫ్ట్) గడువు ఎప్పుడు.

ఆఖరి కాలమ్‌ను చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో షీట్ మొత్తంలో ఎక్కువ పని చేసేది అదే. 18 ఏళ్ళకో అంతకన్నా ముందో సంతకం చేసినవాణ్ణి ఐదో రూల్ 5 డ్రాఫ్ట్ లోపు, 19 ఏళ్ళు వచ్చాక చేసినవాణ్ణి నాలుగో డ్రాఫ్ట్ లోపు 40 మంది రోస్టర్‌లో పెట్టాలి. లేకపోతే డిసెంబర్‌లో ఇంకో క్లబ్బు లక్ష డాలర్లు కట్టి తీసుకుపోవచ్చు. 2023 డ్రాఫ్ట్‌లో కాలేజీ నుంచి వచ్చినవాడికి గడువు 2026 నవంబర్. 2023 జనవరిలో పదహారేళ్ళకు బహామాస్ నుంచి సంతకం చేసిన సెబాస్టియన్ వాల్కాట్‌కు 2027 నవంబర్. గడువు ఏడాది వచ్చిందంటే క్లబ్బు తీరు మారుతుంది: ఆటగాణ్ణి త్వరగా పైకి పంపి పరీక్షిస్తుంది, కొత్త స్థానాల్లో ఆడించి చూస్తుంది, జూలైలో ట్రేడ్‌లో పెట్టేస్తుంది. ఆగస్టులో ఒక పిచ్చర్‌ను (బంతి వేసేవాణ్ణి) హఠాత్తుగా రిలీఫ్‌కు (ఆట మధ్యలో వచ్చి వేసే పనికి) మార్చారంటే, ముందు ఈ కాలమ్ చూడండి.

3. రోజూ పాటించే వరుస

స్కోర్లు తర్వాత. మొదట ట్రాన్సాక్షన్ల పేజీ తెరవండి. ఎవరు పైకి వెళ్ళారు, ఎవరు కిందికి వచ్చారు, ఎవర్ని 7 రోజుల ఇంజ్యూర్డ్ లిస్ట్‌లో పెట్టారు, ఎవర్ని డెవలప్‌మెంట్ లిస్ట్‌లో పెట్టారు, అన్నీ అక్కడే ఉంటాయి. ఇది చూడకుండా బాక్స్ స్కోర్ చదివితే పేరు కనపడనివాడి గురించి లేనిపోని ఊహలు మొదలవుతాయి.

డెవలప్‌మెంట్ లిస్ట్ అంటే గాయమనే అనుకోనక్కర్లేదు. ఆటలకు దూరంగా ఉంచి ఒక విషయం మీద పని చేయించడానికీ వాడతారు. 2023 జూలైలో ఫ్రిస్కోలో ఉన్న పిచ్చర్ జాక్ లైటర్‌ను అలాగే పక్కన పెట్టారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో అతను మేజర్ లీగ్‌లో తొలి ఆట ఆడాడు.

రెండోది, ఆ రోజు స్టార్టింగ్ పిచ్చర్లు (ఆటను మొదలుపెట్టేవాళ్ళు). ఆరు ఆటల వారంలో చాలా జట్లు ఆరుగురు స్టార్టర్లను తిప్పుతాయి, కాబట్టి ఒక్కొక్కరికి వారంలో ఒక రోజు కుదురుతుంది. బుధవారం పిచ్చర్ బుధవారం రాలేదంటే కారణం వెతకాలి: వానకు వాయిదా పడిందా, ప్రమోషనా, భుజం నొప్పా, లేక ఇన్నింగ్స్ పరిమితి కోసం ఒక వారం ఆపారా. ఆటగాడి పరిస్థితి గురించి క్లబ్బు చెప్పేకన్నా ముందే ఈ గైర్హాజరు చెబుతుంది.

మూడోది లైనప్. ఎవరు ఎక్కడ ఆడుతున్నారు, బ్యాటింగ్ వరుసలో ఎన్నో స్థానం. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలిచే ఫీల్డర్) వారంలో రెండు రోజులు మూడో బేస్‌లో ఆడటం మొదలైతే, ఆ తేదీ రాసి పెట్టుకోండి.

నాలుగోది బాక్స్ స్కోర్, ఐదోది మీ షీట్‌లోని పేర్లకు మాత్రం ప్లే-బై-ప్లే (ఒక్కో బ్యాటర్‌కు ఏం జరిగిందో చెప్పే వివరం). ఎమ్‌ఎల్‌బీ టీవీ చందా ఉంటే పూర్తి సీజన్ జట్ల ప్రసారాలు దొరుకుతాయి. కాంప్లెక్స్, డొమినికన్ ఆటలకు మాత్రం బాక్స్ స్కోరే ఆధారం. రోజూ నాలుగు ఆటలు చూడటం ఎవరివల్లా కాదు. షీట్‌లోని ఒక పిచ్చర్ మొదటి రెండు ఇన్నింగ్స్, ఒక బ్యాటర్ నాలుగు సార్లు బ్యాటింగ్‌కు వచ్చిన ముక్కలు చూస్తే చాలు.

4. బ్యాటర్ లైన్ వెనక ఏముంది

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఫ్రిస్కోలో ఒక బ్యాటర్ మూడింటికి సున్నా (మూడుసార్లలో హిట్ లేదు), ఒక వాక్ (నాలుగు చెడ్డ బంతులకు ఊరికే దొరికే బేస్), ఒక స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లకు అవుట్). బాక్స్ స్కోర్‌లో చప్పగా ఉంది. ప్లే-బై-ప్లే తెరిస్తే: మొదటిసారి ఏడు పిచ్‌లు ఆడి సెంటర్ ఫీల్డ్ గోడ దగ్గర దొరికిపోయాడు. రెండోసారి రెండు స్ట్రైక్‌లు పడ్డాక నాలుగు బాల్స్ వదిలి వాక్ తీసుకున్నాడు. మూడోసారి గట్టిగా కొట్టిన లైన్ డ్రైవ్ నేరుగా మూడో బేస్‌మన్ చేతిలో పడింది. నాలుగోసారి ఎడమ చేతి రిలీవర్ వేసిన స్లైడర్‌కు మూడు పిచ్‌ల్లో స్ట్రైకౌట్. అదే రోజు ఇంకొకడు నాలుగింటికి రెండు: ఒకటి పిచ్చర్ ముందు నెమ్మదిగా దొర్లిన బంతి, ఇంకొకటి బ్యాట్ విరిగి ఇన్‌ఫీల్డ్ వెనక రాలిన బంతి, మిగతా రెండూ స్ట్రైకౌట్‌లు. మీ షీట్‌లో మంచి రోజు అని మొదటివాడికి రాయాలి.

అందుకే రోజూ ఐదే ఐదు విషయాలు నింపండి: ప్లేట్ అపియరెన్స్‌లు (బ్యాటింగ్‌కు వచ్చిన మొత్తం సార్లు), స్ట్రైకౌట్‌లు, వాక్‌లు, గట్టిగా తగిలిన బంతులు (హిట్ అయినా కాకపోయినా), ఆడిన స్థానం. హిట్లు, హోమ్ రన్లు ఏ గణాంకాల పేజీలోనైనా ఉంటాయి, వాటిని మళ్ళీ ఎక్కించే శ్రమ వద్దు.

శాతాలను అట్ బ్యాట్‌ల మీద కాకుండా ప్లేట్ అపియరెన్స్‌ల మీద లెక్కించాలి. 60 సార్లు వచ్చి 15 స్ట్రైకౌట్‌లైతే 25 శాతం. వాక్‌లు, బంతి తగిలి బేస్‌కు వెళ్ళడం, శాక్రిఫైస్‌లు అట్ బ్యాట్‌లలో రావు కాబట్టి ఆ లెక్కలో శాతం పెరిగిపోతుంది.

క్రికెట్ సగటుకు అలవాటు పడ్డ కంటికి .255 (వెయ్యి అట్ బ్యాట్‌లకు 255 హిట్లు) చిన్నగా కనపడుతుంది. వాల్కాట్ 2025లో ఫ్రిస్కోలో కొట్టింది అదే, 13 హోమ్ రన్లు, 32 దొంగిలించిన బేస్‌లతో. అతనికి అప్పుడు 19 ఏళ్ళు. డబుల్-ఏలో ఎదురుగా నిలిచే పిచ్చర్లు చాలామంది 23, 24 ఏళ్ళవాళ్ళు, కాలేజీ ముగించి వచ్చినవాళ్ళు. ఆ వయసుకు ఆ స్థాయిలో సీజన్ పొడుగునా నిలబడటమే పెద్ద సంగతి. అదే .255ను 25 ఏళ్ళవాడు అక్కడే కొడితే షీట్ నుంచి తీసేయొచ్చు. వయసు లేకుండా మైనర్ లీగ్ అంకె రాయకండి.

ఇంకో కొసన లాంగ్‌ఫర్డ్ ఉన్నాడు. 2023 జూలైలో డ్రాఫ్ట్‌లో నాలుగోవాడుగా వచ్చి, అదే వేసవిలో కాంప్లెక్స్ లీగ్ నుంచి ట్రిపుల్-ఏ దాకా నాలుగు మెట్లెక్కి, 44 ఆటల్లో .360 కొట్టాడు. అలాంటి పరుగు చూసినప్పుడు మొత్తం సగటు కన్నా ఒక్కో మెట్టు దగ్గర స్ట్రైకౌట్, వాక్ శాతాలు ఎలా మారాయో విడివిడిగా చూడాలి. మెట్టు మారిన రోజు షీట్‌లో కొత్త వరుస మొదలుపెట్టండి, కలిపేయకండి.

5. పిచ్చర్ లైన్: పరుగుల కన్నా ముందు చూడాల్సినవి

ఇంకో ఉదాహరణ: 4.2 ఇన్నింగ్స్, 5 హిట్లు, 4 పరుగులు, వాక్‌లు లేవు, 8 స్ట్రైకౌట్‌లు, 79 పిచ్‌లలో 55 స్ట్రైక్‌లు. నాలుగు పరుగులు చూసి చెడ్డ రోజు అనిపిస్తుంది. లెక్క వేయండి: ఇన్నింగ్స్‌కు మూడు చొప్పున నాలుగింటికి 12, పైన ఇంకో రెండు, మొత్తం 14 అవుట్‌లు, 5 హిట్లు, అంటే 19 మంది బ్యాటర్లు. అందులో 8 మంది స్ట్రైకౌట్, 42 శాతం. స్ట్రైక్‌ల వాటా దాదాపు 70 శాతం. ప్లే-బై-ప్లేలో ఇద్దరు రన్నర్లు అతను దిగిపోయాక రిలీవర్ చేతిలో స్కోర్ చేశారని తెలిస్తే బొమ్మ పూర్తవుతుంది. ఇది చాలా మంచి రోజు.

స్ట్రైక్‌లు 64, 65 శాతం ఉంటే బాగున్నట్టు. మూడు వారాలు వరుసగా 60 దిగువన ఉంటే పరుగులు రాకపోయినా అనుమానించాలి. లైటర్ 2022 ఫ్రిస్కో సీజన్ దీనికి మంచి పాఠం: 92.2 ఇన్నింగ్స్‌లో 109 స్ట్రైకౌట్‌లు, 56 వాక్‌లు, ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచ్చర్ లెక్కలో పడే పరుగులు) 5.54. బంతిలో పస ఉందని స్ట్రైకౌట్‌లు చెబుతున్నాయి, ఇబ్బంది ఎక్కడో వాక్‌లు చెబుతున్నాయి. ఈఆర్‌ఏ ఒక్కటే రాసుకున్నవాడికి ఈ రెండూ కనపడవు.

ఇన్నింగ్స్ దశాంశం దగ్గర షీట్‌లు తరచుగా పాడవుతాయి. 4.1 అంటే నాలుగు ఇన్నింగ్స్, ఒక అవుట్. 4.2 అంటే నాలుగు ఇన్నింగ్స్, రెండు అవుట్‌లు. రెండూ కలిపితే 9 ఇన్నింగ్స్ కావాలి, స్ప్రెడ్‌షీట్ మాత్రం 8.3 అంటుంది. కాబట్టి ఇన్నింగ్స్ కాలమ్ అసలు పెట్టకండి, అవుట్‌ల కాలమ్ పెట్టండి: 4.1 అయితే 13, 4.2 అయితే 14. చివర్లో మూడుతో భాగిస్తే సరి. లైటర్ 92.2 అంటే 278 అవుట్‌లు.

పిచ్‌ల సంఖ్యను వారం వారం ఒక వరుసలో చూడండి. 55, 62, 70, 75 అని పెరుగుతుంటే కావాలనే పెంచుతున్నారు. 78 తర్వాత హఠాత్తుగా 31కి ఆగితే, బాగా దెబ్బ తిన్నాడా, బాగానే వేస్తుండగా దించేశారా అన్నది ప్లే-బై-ప్లేలో చూడండి. రెండోదైతే మర్నాడు ట్రాన్సాక్షన్ల పేజీ తప్పక తెరవాలి.

శస్త్రచికిత్స నుంచి తిరిగి వచ్చేవాళ్ళకు వేరే కొలత కావాలి. భారతీయ మూలాలున్న తల్లికి పుట్టిన కుమార్ రాకర్ 2022 డ్రాఫ్ట్‌లో మూడోవాడుగా రేంజర్స్‌కు వచ్చాడు, 2023 మేలో మోచేతికి టామీ జాన్ శస్త్రచికిత్స అయింది. 2024 జూలైలో అరిజోనా కాంప్లెక్స్‌లో మళ్ళీ మొదలుపెట్టి, ఫ్రిస్కో, రౌండ్ రాక్ దాటి సెప్టెంబర్ 12న సియాటెల్‌లో మేజర్ లీగ్ మౌండ్ (పిచ్చర్ నిలిచే దిబ్బ) ఎక్కాడు. అలాంటి వేసవిలో రాసుకోవాల్సింది పరుగులు కాదు: ఎన్ని పిచ్‌లు, మధ్యలో ఎన్ని రోజుల విశ్రాంతి, తర్వాతి ఆటకు వేళకు వచ్చాడా లేదా.

6. మైదానం, ఎత్తు, అంపైర్

పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో ఆల్బకర్కీ సముద్ర మట్టానికి 5,000 అడుగుల పైన ఉంది, రీనో, సాల్ట్ లేక్ 4,000 పైన. పలచని గాలిలో బంతి దూరం వెళుతుంది, బ్రేకింగ్ బాల్ తక్కువ తిరుగుతుంది. రౌండ్ రాక్ వారమంతా ఆల్బకర్కీలో ఉంటే ఆ ఆరు ఆటల్లో బ్యాటర్లకు వచ్చిన హోమ్ రన్లను కొంచెం తగ్గించి, పిచ్చర్ల దెబ్బలను కొంచెం క్షమించి చూడాలి. టెక్సస్ లీగ్‌లో అమరిల్లో ఇలాంటిదే, సుమారు 3,600 అడుగులు. నార్త్ లిటిల్ రాక్ మైదానం దీనికి ఎదురు, అక్కడ హోమ్ రన్లు గట్టిగా సంపాదించుకోవాలి. షీట్‌లో ప్రతి వారానికీ "ఎక్కడ ఆడారు" అన్న ఒక గడి చాలు.

ట్రిపుల్-ఏలో మేజర్ లీగ్ బంతినే వాడతారు, డబుల్-ఏ నుంచి కిందికి వేరే బంతి. 2023 నుంచి ట్రిపుల్-ఏ మైదానాలన్నిటిలో బాల్, స్ట్రైక్ నిర్ణయానికి కెమెరా వ్యవస్థ ఉంది. 2024 వేసవి నుంచి అది చాలెంజ్ పద్ధతిలోనే (ఆటగాడు అంపైర్ నిర్ణయాన్ని సవాలు చేసినప్పుడే) నడుస్తోంది. క్యాచర్ నేర్పుతో అంచుల్లో దొరికే స్ట్రైక్‌లు అక్కడ తగ్గుతాయి. ఫ్రిస్కో నుంచి రౌండ్ రాక్ వెళ్ళిన పిచ్చర్‌కు మొదటి నెల వాక్‌లు పెరిగితే వెంటనే భయపడకండి.

ట్రిపుల్-ఏతో ఇంకో వెసులుబాటు ఉంది. కెమెరాలతో కొలిచే స్టాట్‌కాస్ట్ అంకెలు అందరికీ తెరిచి ఉంటాయి: పిచ్ వేగం, బ్యాట్ నుంచి బంతి వెళ్ళిన వేగం. గంటకు 95 మైళ్ళు, ఆ పైన వెళ్ళిన బంతిని గట్టి దెబ్బగా లెక్కేస్తారు. కింది మూడు జట్లకు ఈ సౌకర్యం లేదు, అక్కడ ప్రసారం చూసి మీరే గుర్తు పెట్టుకోవాలి.

7. ఎన్ని ఆటల తర్వాత నమ్మాలి

స్ట్రైకౌట్ శాతం సుమారు 60 ప్లేట్ అపియరెన్స్‌లకు ఒక రూపానికి వస్తుంది, వాక్ శాతం 120కి. ఆటలో పడ్డ బంతుల్లో హిట్లైన వాటా కుదురుకోవడానికి 800 పైగా బంతులు కావాలి, అంటే ఒక సీజన్ కూడా చాలదు. రోజూ ఆడేవాడికి 60 అంటే రెండున్నర వారాలు. కాబట్టి మే మొదటి వారంలో "సగటు .340" అన్న మాటకు విలువ తక్కువ, "స్ట్రైకౌట్‌లు 31 నుంచి 22 శాతానికి దిగాయి" అన్న మాటకు విలువ ఎక్కువ.

8. రోజు నివేదిక రాసేటప్పుడు

నాలుగు ఆటలనూ సమానంగా రాయాలన్న నియమం ఏమీ లేదు. ఆ రోజు హికరీలో విశేషం జరిగితే మొదట హికరీ రాయండి, రౌండ్ రాక్‌కు ఒక్క వాక్యం చాలు. ముందు ట్రాన్సాక్షన్లు, తర్వాత పెద్ద విశేషం, తర్వాత మిగతా పేర్లు, చివర మర్నాటి పిచ్చర్లు. ఒక్కో ఆటగాడికి ఇంత చాలు: "పేరు, వయసు, స్థాయి, నాలుగుసార్లలో ఒక డబుల్, ఒక వాక్, గత 60లో స్ట్రైకౌట్ 20 శాతం." గెలుపోటములు చివర రాసినా నష్టం లేదు. మైనర్ లీగ్‌లో మేనేజర్ ఆట గెలవడం కోసం పిచ్చర్‌ను 110 పిచ్‌లు వేయనివ్వడు.

తప్పులు దొర్లే చోట్లు కొన్ని ఉన్నాయి. గాయం నుంచి కోలుకుంటూ రీహాబ్‌కు వచ్చిన మేజర్ లీగ్ ఆటగాళ్ళను ప్రాస్పెక్ట్‌లతో కలపకండి. బ్యాటర్లకు 20 రోజులు, పిచ్చర్లకు 30 రోజుల వరకు ఆ గడువు ఉంటుంది, ఆ రోజుల్లో జట్టు అంకెలు ఉబ్బుతాయి. డబుల్‌హెడర్ (ఒకే రోజు రెండు) ఆటలు ఏడేసి ఇన్నింగ్స్ మాత్రమే, ఏడు ఇన్నింగ్స్ వేసినవాడు ఆట మొత్తం వేసినట్టు. ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్‌లో రెండో బేస్ మీద ఊరికే నిలబెట్టిన రన్నర్ స్కోర్ చేస్తే పిచ్చర్ ఈఆర్‌ఏలోకి రాదు. ఆట ఏకపక్షమైనప్పుడు క్యాచర్‌నో అవుట్‌ఫీల్డర్‌నో మౌండ్ ఎక్కిస్తారు, అతని మీద కొట్టిన హోమ్ రన్‌కు పక్కన చుక్క పెట్టండి.

వానకు మధ్యలో ఆగి తర్వాత కొనసాగిన ఆట అంకెలు మొదలైన తేదీకే చేరతాయి. 2024లో డానీ జాన్సెన్ జూన్ 26న టొరంటో తరఫున మొదలుపెట్టిన ఆటను ఆగస్టులో బాస్టన్ తరఫున ముగించాడు, బాక్స్ స్కోర్‌లో రెండు జట్లలోనూ పేరు ఉంది. మైనర్ లీగ్‌లో ఆగిన ఆటలు మామూలే కాబట్టి ఒక ఆటగాడి మొత్తం మీ షీట్‌తో కలవకపోతే మొదట వెనకటి తేదీలు చూడండి. అధికారిక స్కోరర్ హిట్‌ను ఎర్రర్‌గా (ఫీల్డర్ తప్పుగా) మార్చడం కూడా ఒకటి రెండు రోజుల తర్వాత జరుగుతుంటుంది. సోమవారం పని ఇదే: వారం మొత్తాలను గణాంకాల పేజీతో సరిపోల్చి, తేడా వచ్చిన గడులు దిద్ది, మంగళవారం రౌండ్ రాక్, ఫ్రిస్కో, స్పార్టన్‌బర్గ్, హికరీ స్టార్టర్ల పేర్లు కొత్త వరుసలో ఎక్కించాలి.